తేమంటే గిట్టని మనిషి

మా బావ పాదాలకి నొప్పి తెలియదు. షుగరు వచ్చిన కొన్నాళ్లకి కాళ్లలో స్పర్శ పోయింది. ముల్లు దిగినా, నిప్పు తగిలినా ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి తెలిసి, కిందటి చలికాలంలో బొటనవేలి కింద చర్మం పగిలితే, ఆ పగుల్లో జీడి నూనె పోసుకున్నాడు.

బావంటే వరసకి బావ, తాళి కట్టినవాడూ ఆయనే. మా మేనత్త కొడుకు. పెళ్లయిన కొత్తలో "ఏవండీ" అని పిలవమని ఇంటిల్లిపాదీ నాకు నేర్పబోయారు. జీడిమామిడి పళ్ల కోసం ఆయనతో జుట్లు పట్టుకుని కొట్టుకున్నదాన్ని, ఏవండీ అనడానికి నోరు తిరగలేదు. అలాగే బావగా మిగిలిపోయాడు.

జీడి నూనె అంటే కూరలో వేసుకునేది కాదు. జీడి పిక్క తొక్కలోంచి కారే నల్లటి చిక్కటి నూనె. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూస్తే అది చర్మాన్ని ఏం చేస్తుందో తెలుస్తుంది. మా తోటల్లో మడమలు పగిలితే దాన్నే వేడి చేసి రెండు చుక్కలు వేస్తారు. భగ్గున మండుతుంది, నల్లగా మాడుతుంది, పగులు మూసుకుంటుంది. మామూలు మనిషైతే రెండో చుక్కకే "అబ్బా" అని కాలు లాక్కుంటాడు. బావకి మండలేదు. మండలేదంటే మందు ఎక్కలేదనుకుని గరిటెడు పోశాడు.

నేను పూండి దగ్గర బడిలో టీచర్ని. పిల్లల ముక్కులు, గోళ్లు, చెప్పులు అన్నీ చూసి లోపలికి పంపించే మనిషిని. నా ఇంట్లో కాలు కాలిపోతుంటే మాత్రం చాలా రోజులు చూడలేదు. ఆయన గుడ్డ చుట్టుకుని, గుడ్డ మీద పాత సాక్సు తొడుక్కుని, సాక్సు ఎందుకంటే చలి అన్నాడు. ఉద్దానంలో సాక్సు వేసుకునే చలి ఎప్పుడొచ్చిందో అప్పుడే అడగాల్సింది. వాసన వచ్చాక అడిగాను.

టెక్కలి తీసుకెళ్లాం. కాలు చూపించుకోవడానికి వెళ్లినా ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానం వాళ్లకి ముందు రక్తం తీసి కిడ్నీలే చూస్తారు. బావ రిపోర్టు అటూ ఇటూ కాకుండా అంచు మీద ఉంది. అంటే పుండుకి గట్టి మందులు ఎడాపెడా ఇవ్వడానికి లేదు. కాలు బాగుచేయబోతే కిడ్నీ పోతుంది, కిడ్నీని చూసుకుంటే కాలు పోయేలా ఉంది. అక్కడి డాక్టరు తల గోక్కుని విశాఖపట్నం పొమ్మన్నాడు.

విశాఖలో డాక్టరమ్మ పుండు కడిగించి, చూసి, నా వైపు తిరిగి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పుండు ఎముక దాకా వెళ్తే బొటనవేలు తీసేయాలి. వేలితో ఆగుతుందని కూడా చెప్పలేం. బొటనవేలు లేకపోతే ఇసక నేలలో నడక కుదరదు. తోటలో నడవని బావని ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన సాయంత్రం ఒక్కసారి తోట చుట్టి రాకపోతే అన్నం తినడు, ఇంకొకరిని తిననివ్వడు.

అప్పుడు ఆవిడ బల్ల మీద ఒక వస్తువు పెట్టింది. ఇంకా బజారులోకి రాలేదట, కొద్దిమందికి పెట్టి చూస్తున్నారట. పల్చటి పొర, లోపల గాయం కనిపిస్తుంది. పొరలో జరీ పోగుల్లాంటి సన్నటి తీగలు. పైన చొక్కా గుండీ కన్నా కాస్త పెద్ద బిళ్ల, అందులో బ్యాటరీ. గాయం మీద అంటిస్తే లోపల వేడి ఎంత, తేమ ఎంత, చీము పడుతోందా అని కనిపెట్టి ఫోనుకి కబురు పంపుతుంది. ఫోను ఆస్పత్రికి పంపుతుంది. చర్మం తొందరగా కలవడానికి మధ్యమధ్య తెలిసీ తెలియనంత కరెంటు కూడా ఇస్తుందట. అంతా ఇంట్లో కూర్చునే, రోజూ విశాఖ పరుగెత్తక్కర్లేదు.

"కరెంటా?" బావ కాలు వెనక్కి లాక్కున్నాడు. "మా ఊరికే సరిగ్గా రాదు కదమ్మా, నా కాలికి ఎక్కడ్నుంచి వత్తాది?"

డాక్టరమ్మ నవ్వి, "కరెంటు సంగతి వదిలేయండి. దీని మెయిన్ పని మాయిశ్చర్ చూడటం. మాయిశ్చర్ కరెక్టుగా మెయింటైన్ అవ్వాలి, మీకు అదే ఇంపార్టెంట్" అంది.

బావ ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా ఆస్పత్రిలో ఆయనకి అర్థమైన మొదటి మాట అదే. ఎందుకంటే పలాసలో పిక్కలు కొనే వ్యాపారి దగ్గర వినబడేది కూడా ఆ మాటే. బస్తా దించగానే వ్యాపారి గుప్పెడు పిక్కలు తీసి మీటరులో పోసి "మాయిశ్చర్ ఎంత?" అంటాడు. తేమ ఉందంటే బస్తా పక్కకి నెట్టేస్తాడు. తేమ ఉన్న పిక్క లోపల బూజు పట్టి పుచ్చిపోతుంది. అందుకే ఏరిన పిక్కల్ని కళ్లంలో పోసి, ఎండబెట్టి, తిరగేసి, మళ్లీ ఎండబెట్టి, చెవి దగ్గర ఆడించి గలగలమంటేనే బస్తాకి ఎత్తుతాం. తడి పిక్కలు బజారుకి తీసుకెళ్లడమంటే మా వాళ్లకి మాసిన బట్టలతో పెళ్లికి వెళ్లినంత నామోషీ.

"మా పిక్కలకెట్టే మీటరు లాటిదేనన్నమాట!" అన్నాడు బావ.

"ఎగ్జాక్ట్లీ. అలాంటిదే" అంది డాక్టరమ్మ. ఆవిడ జీడిపప్పు తినే ఉంటుంది, ఎండబెట్టి ఉండదు. నేను ఎండబెట్టినదాన్నే. నాకూ ఆ క్షణంలో ఏమీ తట్టలేదు.

ఇంటికొచ్చాక నా తద్దినం మొదలైంది. ఆ బిళ్ల కబురు అందుకోవాలంటే బావ ఫోను ఆయనకి దగ్గర్లోనే ఉండాలి. అందులో పడిన కబురు నా ఫోనుకీ వస్తుంది. బావ తన ఫోనుని జేబులో పెట్టుకోడు. బియ్యం డబ్బా మీద పెడతాడు, గోడ మీద పెడతాడు, ఒకసారి కొబ్బరి పీచు కుప్పలో దొరికింది. ఫోను దూరమైతే "మీ గాయం కనిపించడం లేదు" అని వస్తుంది. కనిపించకపోవడమేమిటి, నా ఎదురుగా దిండు మీదే ఉంది! దగ్గర పెడితే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం మంచాన్ని వసారా ఈ చివర నుంచి ఆ చివరకి ఈడ్చాను. ఈడ్చాక బ్యాటరీ అయిపోయిందంది. ఛార్జింగు పెడదామంటే కరెంటు పోయింది.

పోనీ కబుర్లైనా సవ్యంగా ఉంటాయా? రోజూ పొద్దున్నే "ఈరోజు మీ నొప్పి ఎంత?" అని ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా బొమ్మలు వరసగా చూపిస్తుంది. స్పర్శే లేని మనిషి ఏం చెబుతాడు? బావ దర్జాగా నవ్వు మొహం నొక్కుతాడు. "శభాష్! మీరు చక్కగా కోలుకుంటున్నారు" అని పూలగుత్తి వస్తుంది. కాలు తెగ్గొట్టినా ఆ పూలగుత్తి వచ్చే ఉండేది. ఇదేమిటని ఆస్పత్రికి ఫోను చేస్తే, మాట్లాడే అమ్మాయి "యాప్ అప్‌డేట్ చేసుకోండి మేడమ్" అంటుంది. వడదెబ్బకీ వరదకీ కూడా ఆ పిల్ల దగ్గర అదే మందు.

అయినా నిజం చెప్పాలి, మొదట్లో ఆ పొర పనిచేసింది. బడికి వెళ్లే ముందు నేను కబురు చదివేదాన్ని. "వేడి మామూలుగా ఉంది. తేమ సరిపడా ఉంది" అని పక్కన ఆకుపచ్చ టిక్కు ఉండేది. తరగతిలో పిల్లాడు ఎక్కం అప్పజెప్పినప్పుడు ఎలా సంతోషిస్తానో అలా సంతోషించి, బావకి వినపడేలా గట్టిగా చదివేదాన్ని. పొర మార్చినప్పుడు చూస్తే గాయం అంచులు ఎర్రగా, పల్చగా దగ్గరికి వస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ మాత్రం మూతి ముడుచుకుని "ఇంకా తేమేనా?" అనేవాడు.

"ఇంకా తేమే బావా! బాగుంది!" అనేదాన్ని నేను, స్కూటీ తాళాలు వెతుక్కుంటూ.

పిక్కల కాలం వచ్చింది. తోటలో పిక్కలు రాలుతున్నాయి, కూలీలు ఏరుతున్నారు, ఇంటి వెనక కళ్లంలో పోస్తున్నారు. బావకి అడుగు బయట పెట్టొద్దని నా ఆజ్ఞ. వసారా, మంచం, దిండు మీద కాలు, అంతే. డాక్టరమ్మ ఇచ్చిన మెత్తటి చెప్పులు మరుగుదొడ్డి దాకా నడవడానికి మాత్రమే. ఒంటిపూట బడులు కావడంతో మధ్యాహ్నానికల్లా నేను ఇంట్లో ఉండేదాన్ని. పొద్దుటి పూటే నా భయమంతా.

భయపడ్డట్టే అయింది. ఒకరోజు మూడో తరగతికి కూడికలు చెబుతుంటే నా ఫోను కీచుమంది. "హెచ్చరిక! గాయం దగ్గర వేడి పెరిగింది." కాసేపటికి మళ్లీ, "హెచ్చరిక! తేమ పడిపోతోంది." ఎర్ర గుర్తు. వెంటనే బావకి ఫోను చేశాను.

"ఎక్కడున్నావు బావా?"

"ఇంటికాడే ఉన్నాను."

"తోటకెల్లినావు కదూ? నిజం సెప్పు!"

"నీ మీదొట్టే. కూకున్న కాడి నుంచి లేవలేదు."

నేను నమ్మలేదు. చిన్నప్పుడు జీడిపళ్లు తినేసి, చొక్కా నిండా మరకలు పెట్టుకుని, నేను తినలేదని ఒట్టేసిన మనిషి. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి చూస్తే బుద్ధిమంతుడిలా మంచం మీద, కాలు దిండు మీద. వేడి తగ్గి మామూలుకొచ్చింది. మర్నాడు మళ్లీ అదే వేళకి కీచు. ఆ మర్నాడూ అంతే. హెడ్మాస్టారు "ఏంటమ్మా, ఇంట్లో ఏదైనా ఇబ్బందా?" అని అడిగారు. ఆ ఇబ్బంది నాకు వరసకి బావ అవుతాడని ఆయనకి ఎలా చెప్పను?

ఆస్పత్రి అమ్మాయికి ఫోను చేశాను. వేడి పెరిగిందంటే లోపల చీము పట్టి ఉండొచ్చు, మందు డోసు పెంచమని డాక్టరమ్మకి చెబుతానంది. మందు పెంచితే కిడ్నీల సంగతేమిటన్నాను. అడిగి చెబుతానంది. ఏం చెప్పాలో తెలియక యాప్ అప్‌డేట్ చేసుకోమంది.

నాకు నేనే పోలీసునయ్యాను. ఒకరోజు పొద్దున్న బడికి వెళ్తూ వీధి గుమ్మం ముందు, తోటకి వెళ్లే దారి మొదట్లో ముగ్గుపిండి పల్చగా చల్లి వెళ్లాను. అడుగు పడితే అచ్చు దొరికిపోతుంది. ఆరోజూ ఫోను కీచుమంది. ఇంటికొచ్చి చూస్తే ముగ్గుపిండి మీద ఒక కోడి నడిచిన గుర్తులు తప్ప ఏమీ లేవు. బావ నవ్వుతూ "కోడిని పట్టుకున్నావేటి?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పెరటి వైపు చల్లాలని నాకు తోచలేదు, ఎందుకంటే పెరట్లో నడిచే దూరమేముంది? గుమ్మం దాటితే కళ్లమే.

ఆ తర్వాతి రోజు ఫోను ఆగకుండా కీచుమంది. వేడి ఎర్రగా, తేమ సున్నాకి దగ్గరగా. హెడ్మాస్టారికి చెప్పి స్కూటీ తీశాను. ఇసక దారిలో చక్రం జారుతుంటే, మనసులో బావని ఎన్ని తిట్లు తిట్టానో, తిట్టిన ప్రతిసారీ ఆ వేలు కళ్లముందు కనిపించి ఎంత బెదిరానో నాకే తెలుసు. వసారాలో మంచం ఖాళీ. దిండు ఖాళీ. పెరట్లోంచి మాటలు వినిపించాయి.

కళ్లం నిండా జీడి పిక్కలు ఎండుతున్నాయి. ఆ పిక్కల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలకి తుండు చుట్టుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి మా బావ కూర్చున్నాడు. పొర అంటించిన కాలిని కాలే సిమెంటు గచ్చు మీద, ఎండ తిన్నగా పడేలా చాపాడు. ఫోను పక్కనే పిక్కల బస్తా మీద శ్రద్ధగా పెట్టుకున్నాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం నా మాట విన్నాడు. గోడ అవతల నుంచి పక్కింటి పిన్ని ఆయనతో కబుర్లాడుతోంది.

"ఏటి బావా ఇది?"

"వచ్చీసినావేటి? బడి లేదా?"

"ఏటి సేత్తన్నావని అడుగుతున్నాను!"

"ఆరబెడుతున్నాను" అన్నాడు, పిక్కల సంగతి చెప్పినంత మామూలుగా.

"ఏటి ఆరబెడుతున్నావు?"

"కాలు."

నేను ఆ కాలి వైపు, చుట్టూ ఎండుతున్న పిక్కల వైపు చూశాను. ఆయనే అందుకున్నాడు. "నువ్వే కదే రోజూ సదువుతున్నావు, తేమ ఉంది తేమ ఉంది అని. ఎన్నాళ్లని తడి పుండుతో కూకుంటాను? తడి ఉంటే లోపల పుచ్చిపోదేటి? ఆ డాక్టరమ్మ కాడికి మళ్లీ ఎల్లాల కదా, తడి పుండు అట్టుకెల్లి ఆవిడకి మొకం ఎలా సూపించను? అందుకే పొద్దున్నొక గంటా రెండు గంటలూ ఎండకెడుతున్నాను. సూడు, మీటరు ఎలా దిగిపోయిందో!" అని ఫోను నా వైపు తిప్పాడు. తెర మీద ఎర్ర గుర్తు వెలిగి ఆరుతోంది. ఆయన కళ్లకి అది పరీక్ష పాసైన గుర్తు.

గోడ అవతల నుంచి పిన్ని, "నానూ సెప్పినానమ్మా, ఒక పక్కే ఎండితే సాలదు, కాసేపాగి తిప్పుకోమని" అంది.

అంటే ఊరందరికీ తెలుసు. కూలీలకి తెలుసు, పిన్నికి తెలుసు, కోడికి తెలుసు. ఎవరూ నాకు చెప్పలేదు, ఎందుకంటే ఇందులో చెప్పడానికేముంది? తడిసినదాన్ని ఆరబెట్టుకుంటున్నాడు. మా ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు. బావ నాతో చెప్పిన మాటలన్నీ కూడా నిజమే. తోటకి వెళ్లలేదు. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. ఒట్టు కూడా చెల్లింది!

అరుద్దామని నోరు తెరిచి, ఆయన కాలు చేతుల్లోకి తీసుకున్నాను. మడమ మీద కోడిగుడ్డంత నీటిబుడగ. గచ్చు వేడికి బొబ్బెక్కింది, ఆయనకి తెలియదు. పొర అంచులు ముడుచుకుపోయి లేచాయి. లోపల మొన్నటిదాకా ఎర్రగా దగ్గరికొస్తున్న చర్మం అట్టలా ఎండి, నడిమధ్య పగిలింది. ఆ పగులు చూస్తే నాకు భయమేసింది. అలాంటి భయం నాకు మా నాన్న డయాలసిస్ మంచం పక్కన వేసింది, మళ్లీ ఇప్పుడే.

ఆ సాయంత్రమే పలాసలో రైలెక్కాం. ఆయన రెండుసార్లు జామకాయలు కొన్నాడు, రెండుసార్లూ నేను తినలేదు.

డాక్టరమ్మ కాలు చూసి, ఫోనులో గీతలు చూసి, మళ్లీ కాలు చూసింది. "ఎండలో పెట్టారా? ఎందుకు?" అంది. పిక్కలంటే ఏమిటో, కళ్లమంటే ఏమిటో, తేమంటే మా వాళ్లకి ఎందుకు గిట్టదో మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. ఆవిడ వింటూ వింటూ నుదురు పట్టుకుని కూర్చుంది. "నేనే కదా అలాంటిదే అన్నాను" అని తనలో తను గొణుక్కుంది. బొబ్బకి కట్టు కట్టించింది. ఎండిన చర్మం తీసేసి కొత్త పొర వేసింది. బావకి వినపడకుండా నన్ను పక్కకి పిలిచి, ఈసారి వచ్చేటప్పటికి లోపల నుంచి చర్మం రాకపోతే ఇంక ఆగనని, వేలు తీసేస్తానని చెప్పింది. అడుగు కింద మోపితే కుదరదని మరీ మరీ చెప్పింది.

తిరుగు రైల్లో నా కోపం కట్టలు తెంచుకుంది. బోగీలో అందరూ వింటున్నా లెక్క చేయలేదు. "నువ్వు వరి కూడా పండించినావు కదా బావా! నారుమడి ఆరబెడతావేటి? మొలకొచ్చిన మడిలో నీళ్లు తీసీసి ఎండకెడతావేటి? కొత్త సర్మం కూడా నారే! దానికి తడుండాల! మునిగిపోకూడదు, ఎండిపోకూడదు! సరిపడా ఉండాల! సరిపడా ఉందనే కదా ఆ ఫోను రోజూ నీకు మొత్తుకున్నది!"

బావ కట్టు కట్టిన కాలి వైపు చూసుకున్నాడు. ఎదురు సీటులో పెద్దాయన కూడా నారుమడి మాటకి తలూపాడు.

"నారుమడని ముందే సెప్పొచ్చు కదే" అన్నాడు చివరికి. "పిక్కలని సెప్పినారు."

ముందే! నాకు రైలు దిగి పట్టాల వెంట నడిచి ఇంటికి పోవాలనిపించింది. కానీ బండి మధ్యలో ఒక స్టేషనులో ఆగినప్పుడు చూస్తే, ఆయన తన రెండు చేతులూ ఆ కాలి చుట్టూ పెట్టుకుని, ఎవరి పెట్టె తగులుతుందో అని కాచుకుంటున్నాడు. అది చూశాక నేను జామకాయ తిన్నాను.

వేసవి సెలవులిచ్చారు. నేను రోజంతా కాపలా. మంచాన్ని పెరటి గుమ్మం పక్కకి ఈడ్చాను, బావ దాని మీదే. ఇప్పుడు కబురు ఆయనే చదువుతాడు. పెద్ద వేలితో తెర నొక్కి, "తేమ సరిపడా ఉందటే" అని నాకు వినిపిస్తాడు, ఆ మాట ఆయన నోటికి ఇంకా వగరుగానే ఉంటుంది. వేడి కొంచెం పెరిగితే విసనకర్ర తీసుకుంటాడు. పిన్ని పలకరించడానికి వచ్చి కాలు బాగా ఆరుతోందా అని అడిగితే, "ఆరకూడదు పిన్నీ, నారుమడది" అని పాఠం చెబుతాడు. నేను చెబితే చెవికెక్కనిది ఆయన చెబితే ఊరంతా విన్నది. ఒళ్లు మండదా మరి?

ఆస్పత్రికి వెళ్లాల్సిన ముందురోజు మధ్యాహ్నం దాటాక పడమటి వైపు మబ్బు పట్టింది. మా వైపు ఎండాకాలపు వాన చెప్పి రాదు. కళ్లంలో ఆ ఏడు చివరి పిక్కలు, మంచి పిక్కలు, ఇంకొక్క ఎండ తగిలితే బస్తాకి ఎత్తేవి. కూలీలు వెళ్లిపోయారు. ముందు గాలి లేచింది. కొబ్బరి మట్టలు విరిగి పడ్డాయి. నేను టార్పాలిన్ లాక్కుని పరుగెత్తాను, పిన్ని గోడ దాటి వచ్చి ఇంకో కొస పట్టుకుంది. గాలికి అది మా ఇద్దరినీ ఎత్తేసేలా ఉంది. మూడో మనిషి ఉంటే తప్ప అటు కొస నిలవదు.

ఆ మూడో మనిషి పెరటి గుమ్మం పక్కనే మంచం మీద ఉన్నాడు. వాన చినుకు పిక్క మీద పడ్డ చప్పుడు వింటే నిద్రలో కూడా లేచి పరుగెత్తే మనిషి. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, మా కళ్లంలో ఒక్క పిక్క తడవలేదు. మా అమ్మాయి ఇప్పుడు అత్తారింట్లో ఉంది, దాని బారసాలనాడు చినుకు పడిందని పీటల మీద నుంచి లేచిపోయాడు.

తిరిగి చూశాను. ఆయన లేచి కూర్చున్నాడు. మంచి కాలు నేల మీద ఉంది. రెండో కాలు దిండు మీద నుంచి దిగి, నేలకి జానెడు ఎత్తున వేలాడుతోంది. చేతులు మంచం పట్టెని బిగించి పట్టుకున్నాయి. ఆయన నన్ను చూడటం లేదు, పిక్కల్ని చూస్తున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి.

"బావా, వద్దు!" అని అరిచాను. గాలిలో ఆ అరుపు నాకే వినపడలేదు. కొస వదిలేసి ఆయన దగ్గరికి పరుగెడదామనుకున్నాను. వదిలాను కూడా. టార్పాలిన్ ఎగిరి వెళ్లి కొబ్బరి చెట్టుకి చుట్టుకుంది. వాన దబదబా పిక్కల మీద పడింది.

అప్పుడాయన వంగి, ఆ కాలిని రెండు చేతులతో పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, మళ్లీ దిండు మీద పెట్టుకున్నాడు.

"పోనీయే!" అని కేకేశాడు. "తడవనీ! నీ ఫోను కళ్లంలో బస్తా మీదుంది, అది తీ!"

పిక్కల గురించి తడవనీ అనే మాట ఆ నోట నేను వినడం అదే మొదలు. నేను తడిసి ముద్దై ఫోను తీసుకుని వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని పడుకున్నాడు. వాన చప్పుడు వినకుండా ఒక చెవికి దిండు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు విశాఖలో డాక్టరమ్మ పొర తీసింది. చిన్న పుల్లతో గాయం లోతు చూసింది. మళ్లీ చూసింది. ఆవిడ చూస్తున్నంతసేపూ నేను గోడ మీద గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను, ఎంతైందో మాత్రం నాకు కనబడలేదు.

"లోపల నుంచి చర్మం వస్తోంది" అంది. "ఎముక జోలికి వెళ్లలేదు. వేలు ఉంటుంది."

బావ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆవిడకో, బిళ్లకో నాకు తెలియదు. నర్సు ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తీసుకొచ్చి, నా బెంచీ పక్కన ఆపి వెళ్లింది. అంతవరకూ ఎలా ఆగానో, అక్కడ కూర్చోగానే నాకు ఏడుపు వచ్చేసింది. చిన్న ఏడుపు కాదు. చలికాలం నుంచీ దాచుకున్న తిట్లు, ముగ్గుపిండి, రైలు, ఎర్ర గుర్తులు, ఎగిరిపోయిన టార్పాలిన్, అన్నీ కలిసి వచ్చాయి. కొంగు తడిసిపోయింది. వచ్చేపోయేవాళ్లు ఎవరో పోయారనుకుని జాలిగా చూస్తున్నారు.

బావ కాసేపు కంగారుగా అటూ ఇటూ చూశాడు. తర్వాత ముందుకి వంగి, తన తుండుతో నా మొహం తుడిచి, నెమ్మదిగా అన్నాడు.

"ఏటే ఇది? మరీ ఇంత తేమ పనికిరాదే. సరిపడా ఉండాల."

చేతిలో ఉన్న ఫోనుతో ఆయన భుజం మీద ఒక్కటి వేశాను.